నోటుపై లేని తేదీ



మా మిత్రులొకరి తండ్రిగారు సైనికశాఖలో గుమాస్తాగా పనిచేసినారు. 1954లో జెనీవా ఒప్పందములు జరిగిన పిమ్మట, ఇండో చైనాలో యుద్ధవిరమణను కనిపెట్టి చూచుటకు ఒక అంతర్జాతీయ సంఘము ఏర్పడినది. దానికి మన దేశము అధ్యక్షత వహించినది. కెనడా, పోలెండు తోడి సభ్యులు. ఆ సంఘము పనిమీద ఆయన కొంతకాలము సైగానులోను, కొంతకాలము హానోయిలోను ఉన్నారు. ఆయన గతించిన చాలా ఏండ్లకు, అటక మీది సామాను దించుచుండగా ఒక బిస్కెట్ల డబ్బా బయటపడినది. అందులో దారముతో కట్టిన నోట్ల కట్ట ఒకటి ఉన్నది. మిత్రులు దానిని నా ముందుంచి, "ఇవి ఏ దేశపువి? ఇప్పుడు చెల్లునా? వీటి వెల ఎంత?" అని మూడు ప్రశ్నలు వేసినారు.

మూడవ ప్రశ్నకు అంగడివారు సమాధానము చెప్పగలరు. మొదటి రెండు ప్రశ్నలు చరిత్రకు సంబంధించినవి. వాటికి సమాధానము వెదకబోయి నేను తెలిసికొన్న సంగతులను ఈ పూట మీతో ముచ్చటింపదలచినాను.

కట్టలో పైనున్న రెండు నోట్లను తీసినాను. రెండింటి మీదను వియత్నామీ భాషలో ఒకే బ్యాంకు పేరు అచ్చయి ఉన్నది: వియత్నాము జాతీయ బ్యాంకు. అందుచేతనే కాబోలు, ఇంటివారు రెండింటిని ఒకే దేశపు నోట్లనుకొని ఒకే దారముతో కట్టినారు. నిజమునకు వాటిలో ఒకటి హానోయి నోటు, రెండవది సైగాను నోటు. హో చి మిన్ ప్రభుత్వము 1951 మే నెలలో ఒక జాతీయ బ్యాంకును స్థాపించినది. సైగాను ప్రభుత్వము 1954 డిసెంబరు 31న అదే పేరుతో మరియొక జాతీయ బ్యాంకును స్థాపించినది. రెండు ప్రభుత్వములును వియత్నాము అంతయు తమదే అన్నవి. కనుక రెండును ఆ పేరును వదలుకొనలేదు. ఉత్తరపు బ్యాంకు 1960లో రాష్ట్ర బ్యాంకు అను అర్థము వచ్చునట్లు పేరు మార్చుకొన్నది. దక్షిణపు బ్యాంకు 1975 వరకు పాత పేరుతోనే నడచినది.

నోట్లను సేకరించువారికి వియత్నాము ఇంత ఇష్టమైన దేశమగుటకును, వాటికి పట్టిక వ్రాయువారికి ఇంత కష్టమైన దేశమగుటకును కారణము ఇదియే. ఒక నోటును కేటలాగులో చేర్చవలెనన్నచో కొన్ని విషయములు తేల్చవలెను. విడుదల చేసినవారెవరు? విలువ ఎంత? అచ్చువేసిన ముద్రణాలయము ఏది? సంతకములు ఎవరివి? వరుస సంఖ్య తీరు ఎట్టిది? నోటుపై ఉన్న సంవత్సరమేది? జర్మను దేశీయుడైన ఆల్బర్ట్ పిక్ ప్రపంచ దేశముల కాగితపు ద్రవ్యమునకు కూర్చిన సూచీ గ్రంథము 1975లో మొదటిసారి వెలువడినది. నేటికిని సేకర్తలు ఒక నోటును గురించి మాట్లాడునప్పుడు "పిక్ సంఖ్య ఎంత?" అని అడుగుట వాడుక. అటువంటి గ్రంథమును తెరచి వియత్నాము పుటలు చూచినచో ఒక చిత్రము కనబడును. నోటుపై అచ్చయిన సంవత్సరము ఒకటి, ఆ నోటు జనుల చేతికి వచ్చిన సంవత్సరము మరియొకటి. ఈ రెంటి నడుమనున్న ఎడమును గమనించితే ఆ దేశపు చరిత్ర చాలవరకు తెలియును.

మొదటి నోటు కథ చాల పాతది. వియత్నాములో కాగితపు ద్రవ్యమును ప్రవేశపెట్టినవాడు హో క్వీ లీ. అతడు చాన్ వంశపు రాజుల కాలమున అధికారమంతయు చేతబట్టి, 1400లో తానే సింహాసనమెక్కినవాడు. 1396లో అతని ఆజ్ఞచే ఏడు విలువల నోట్లు వెలువడినవి. తక్కువ విలువదానిపై నీటినాచు బొమ్మ, తరువాతిదానిపై కెరటము, ఆ పైన మేఘము, తాబేలు, కల్పిత మృగము, కల్పిత పక్షి, అన్నిటికంటె పెద్దదానిపై మకరము వంటి మహాసర్పము. చదువురానివారును బొమ్మను బట్టి విలువ గుర్తింపగలరని ఏర్పాటు. రాగి నాణెములను ప్రభుత్వమునకు అప్పగించి నోట్లు పుచ్చుకొనవలెను. నోటుకు నకలు చేసినవానికి మరణదండన. 1407లో చైనా సేనలు అతని రాజ్యమును కూల్చినవి. ఆ నోట్లలో ఒక్కటియు నేటికి మిగిలియున్నట్లు తెలియదు. కనుక వియత్నాము నోట్ల చరిత్ర ఎవరును చూడని నోటుతో ప్రారంభమగుచున్నది.

తరువాత చెప్పుకొనవలసినది ఫ్రెంచివారి కాలము. 1875 జనవరి 21న పారిసులో ఇండో చైనా బ్యాంకు ఏర్పడినది. ఆ బ్యాంకుకు నోట్లు వేయు హక్కు మొదట రెండు చోట్ల లభించినది. ఒకటి సైగాను ప్రాంతమైన కొచ్చిన్ చైనా. రెండవది ఏదో ఊహింపగలరా? భారతదేశములోని ఫ్రెంచి స్థావరములు! అనగా పుదుచ్చేరి, కారైకాలు, మాహే, చంద్రనగరము, మన గోదావరి తీరపు యానాము. సైగానులో పియాస్త్రు నోట్లు వేసిన బ్యాంకే ఇక్కడ ఒకటి, అయిదు, పది, యాబది రూపాయల నోట్లు వేసినది. ఆ స్థావరములు మన దేశములో చేరువరకు ఆ రూపాయలు ఉన్నవి. కాబట్టి యానాము పాత ఇండ్లలో ఎక్కడైన అటువంటి రూపాయి నోటు దొరికినచో, అది సైగాను నోటుకు తోబుట్టువని చెప్పవచ్చును.

పియాస్త్రు మొదట వెండి మీద నిలిచిన ద్రవ్యము. 1930లో దానిని వెండినుండి విడదీసి, ఒక పియాస్త్రుకు పది ఫ్రాంకులని ఖరారు చేసినారు. ఆ కాలపు నోట్లలో అనేకములపై సంవత్సరము లేదు. క్రింద బ్యాంకు అధ్యక్షుని సంతకము, డైరెక్టరు సంతకము ఉండును. ఏ ఇద్దరు ఏ ఏండ్లలో కలిసి ఆ పదవులలో ఉన్నారో చూచి, సేకర్తలు నోటు వయస్సు నిర్ణయింతురు. జాతకములో గ్రహములను బట్టి పుట్టిన వేళ కట్టినట్లు, ఇక్కడ సంతకములను బట్టి తేదీ కట్టవలెను.

రెండవ ప్రపంచయుద్ధములో ఫ్రాన్సునుండి నోట్లు వచ్చు మార్గము మూతపడినది. అప్పుడు హానోయిలోని ముద్రణాలయముననే, నాసి కాగితముపై నోట్లు అచ్చువేసినారు. దేశములో తిష్ఠవేసిన జపాను సైన్యపు ఖర్చులకు పియాస్త్రులు సమకూర్చవలసిన భారము ఫ్రెంచి పాలకులపై పడుటచే నోట్లు పెరిగినవి, ధరలు మండినవి. 1945లో ఉత్తర ప్రాంతమున ఘోరమైన కరువు వచ్చి లక్షలాది జనులు మరణించినారు. ఆ ఏడాది నవంబరులో, తిరిగివచ్చిన ఫ్రెంచి అధికారులు 500 పియాస్త్రుల నోటును రద్దుచేసినారు. జపాను వారి చేతిక్రింద బయటికి వచ్చిన నోట్లు బొత్తిగా చెల్లవన్నారు. తక్కినవి బ్యాంకులో దాఖలు చేయవలెనన్నారు. హానోయిలో బ్యాంకు ముంగిట జనము గుమిగూడి అల్లర్లు జరిగినవి. చెల్లు నోటునకును, చెల్లని నోటునకును రూపమున భేదము లేదు. భేదమంతయు అది బ్యాంకు గడప దాటిన రోజులో ఉన్నది. ఆ రోజు నోటుపై అచ్చుకాలేదు.

అప్పటికే 1945 సెప్టెంబరు 2న హో చి మిన్ స్వాతంత్ర్యము ప్రకటించియుండెను. కాని ఖజానా ఉన్న బ్యాంకు ఫ్రెంచివారి చేతిలోనే ఉన్నది. స్వంత నోటు లేనిదే స్వంత ప్రభుత్వము నిలువదు. 1946 జనవరి 31న నోట్ల విడుదలకు శాసనము వచ్చినది. ఆ నోట్లు మొదట నడిమి వియత్నాము దక్షిణ భాగమున చలామణి అయినవి. ఆ సంవత్సరము నవంబరులో దేశమంతట చెల్లునని జాతీయసభ తీర్మానించినది. దో దిన్ తియెన్ అను సంపన్న వర్తకుడు ఒక ఫ్రెంచి ముద్రణాలయమును కొని ప్రభుత్వమునకు అప్పగించినాడు. పట్టణములో భద్రత లేనందున హోవా బిన్ ప్రాంతములోని ఆయన తోటకే అచ్చుయంత్రములను తరలించినారు. అచ్చటనే నూరు డాంగుల నోటు తయారైనది. దానిపై చిత్రకారుడు న్గుయెన్ హుయెన్ గీసిన దున్నపోతు బొమ్మ ఉండుటచే జనులు దానిని "పచ్చదున్న" అని పిలిచినారు. మొత్తముమీద ఆ నోట్లన్నిటికిని "హో పెద్దాయన నోట్లు" అని పేరు వచ్చినది. 1947 ఆరంభమున ఫ్రెంచి విమానములు ఆ తోటపై బాంబులు వేయగా, యంత్రములు మరల ఉత్తరపు అడవులకు తరలినవి. దారులు తెగిన ప్రాంతములలో స్థానిక ప్రభుత్వములు తమంతట తామే నోట్లు వేసినవి. నడిమి ప్రాంతమున 1947నుండి "తిన్ ఫియెవు" అను పత్రములు నడచినవి. ఇవి ముతక కాగితపు తునకలు; అచ్చు అలుకుకొని పోయినవి. సూచీ గ్రంథములలో అన్నిటికంటె చిక్కైన పుటలు ఇవియే.

ఇక ఫ్రెంచివారి వైపు చూడుడు. 1945 డిసెంబరులో పియాస్త్రు విలువను 17 ఫ్రాంకులుగా కాగితముపై నిర్ణయించినారు. అంగడిలో దాని విలువ అందులో ఇంచుమించు సగము. కాబట్టి సైగానులో చౌకగా కొని, పారిసులో ప్రభుత్వపు ధరకు మార్చుకొన్నవారు ధనవంతులైరి. ఆ రహస్యము బట్టబయలై, 1953 మే 11న ఆ విలువను పది ఫ్రాంకులకు దించినారు. ఈలోగా 1952 జనవరినుండి నోట్లు వేయు హక్కు పాత బ్యాంకునుండి వియత్నాము, కంబోడియా, లావోసుల ఉమ్మడి సంస్థకు సంక్రమించినది. ఆ సంస్థ నోట్లు ఒక వైపు సామాన్యము. రెండవ వైపు ఒక్కొక్క దేశమునకు వేరు. డాంగు, రియెలు, కిప్పు అను పేర్లను చూచి, అవి ఏ దేశపు పుటలోనికి పోవలెనో కేటలాగు వ్రాయువారు నిర్ణయింతురు.

1954లో దేశము రెండుగా చీలినది. ఇక్కడనే మా మిత్రుని తండ్రిగారు రంగములోనికి వచ్చుచున్నారు. ఆయన తెచ్చిన హానోయి నోటుపై 1958 అని ఉన్నది. అందుపై జెండా ఎగురుచున్న బురుజు, వెనుక వైపున వరిపొలములో పనిచేయు జనులు ఉన్నారు. కాని ఆ నోటు 1958లో ఎవరి చేతిలోను లేదు. 1959 ఫిబ్రవరి 28న, పాత నోట్లు వెయ్యి ఇచ్చినవారికి కొత్తది ఒకటి చొప్పున, అది బయటికి వచ్చినది. అంతకుముందు 1951లో పది పాత డాంగులకు ఒక కొత్త డాంగు ఇచ్చినారు. సైగాను నోటుపైననో సంవత్సరమే లేదు. సూచీ గ్రంథములలో అటువంటి నోట్ల సంవత్సరమును కుండలీకరణములలో వేయుదురు. దీనికి తోడు, అమెరికావారు 1960లలో ఉత్తరపు నోట్లను పోలిన కరపత్రములను విమానములనుండి వెదజల్లినారు. వాటి అంచున ప్రచారవాక్యములు ఉండును. ఆ అంచు కత్తిరించినచో మిగిలినది అచ్చముగా నోటువలె కనబడును. అది ద్రవ్యమా, ఆయుధమా? కేటలాగు వ్రాయువాడు అదియు తేల్చవలెను.

1975 ఏప్రిలు 30న సైగాను పడిపోయినది. దక్షిణపు నోట్లు ఇంకను కొన్ని నెలలు చెల్లినవి. స్వాతంత్ర్య సౌధము ఒక వైపు, గుఱ్ఱములు, దున్నలు, జింకలు, పులి, ఏనుగులు రెండవ వైపు ఉన్న 1972 నాటి నోట్లు అవి. ఆ ఏడాది సెప్టెంబరు 22న ఒక్క దినములో మార్పిడి ప్రకటించినారు: పాతవి 500 డాంగులకు కొత్తది ఒకటి. ఒక కుటుంబము వెంటనే మార్చుకొనదగినది పాత లెక్కలో లక్ష డాంగులు, అనగా కొత్త లెక్కలో 200. మిగిలినది ప్రభుత్వము వద్ద దాఖలు. మరి ఆ కొత్త నోటుపై ఉన్న సంవత్సరమెంత? 1966! జయము కలిగిననాడు వాడుకొనుటకని తొమ్మిదేండ్ల ముందే వేసి దాచిన నోట్లవి. ఓడినవారి గూటిలోను విడుదలకాని నోట్లు మిగిలినవి. సైగాను ప్రభుత్వము 1975లో సిద్ధపరచిన 5,000, 10,000 డాంగుల నోట్లు ఒక్కనాడును అంగడికి రాకుండ, తిన్నగా సేకర్తల చేతిలో పడినవి.

1978 మే 3న ఉత్తర దక్షిణములకు ఒకే నోటు వచ్చినది. దానిపై ఉన్న సంవత్సరము 1976. ఉత్తరపు డాంగుకు ఒకటి, దక్షిణపువి ఎనిమిది పదులవంతులకు ఒకటి చొప్పున మార్పిడి. 1985 సెప్టెంబరు 14న మరల పదికి ఒకటిగా మార్చినారు. ధరలను అదుపుచేయుటకని చేసిన ఆ మార్పు ధరలను ఆపలేదు. 1986లో ధరల పెరుగుదల 700 శాతము మించినది.

ఒక చిన్న లెక్క వేసి చూడుడు. 1951లో పదికి ఒకటి, 1959లో వెయ్యికి ఒకటి, 1978లో ఒకటికి ఒకటి, 1985లో పదికి ఒకటి. వీటిని గుణించినచో నేటి ఒక డాంగు 1946 నాటి "హో పెద్దాయన నోట్ల"లో లక్షకు సమానము. పాత సైగాను డాంగులలో అయితే 500ను ఎనిమిది పదులవంతులతో, పిదప పదితో గుణింపగా, 4,000కు సమానము. నేడు చలామణిలో ఉన్న అతి పెద్ద నోటు 5,00,000 డాంగులది. 2003 డిసెంబరులో, పాలిమరు అను ప్లాస్టికు పదార్థముపై అచ్చయి వచ్చినది. ఈ నోట్లతో తేదీ తగవు తీరినది. అక్షరముల వెంట ఉండు వరుస సంఖ్యలో మొదటి రెండు అంకెలు అచ్చయిన సంవత్సరమును చెప్పును.

ఇప్పుడు ఆ ఎడమును గురించి చెప్పెదను. 1958 అని వేసి 1959లో, 1976 అని వేసి 1978లో నోట్లు ఎందుకు ఇచ్చినారు? ద్రవ్యము మార్చుటన్నది ముందుగా తెలిసినచో, డబ్బున్నవాడు దానిని బంగారముగానో, బియ్యముగానో మార్చుకొనును. అందుచే కొత్త నోట్లు అచ్చయి, పెట్టెలలో మూతవేయబడి, మాట బయటికి పొక్కకుండ ఉండును. ఆ కాలమంతయు ఊళ్లలో జనులు పాత నోట్లనే దాచుకొనుచుందురు. కూతురి పెండ్లికని కొందరు, దుక్కి పశువుకని కొందరు. నోటుపైనున్న తేదీ పాలకులు నిర్ణయించుకొన్న నాటిది. జనులకు తెలిసిన తేదీ నోటుపై లేదు. మన దేశములోను 1946లో, 1978లో, 2016లో పెద్ద నోట్లు రద్దయినవి. 2016 నవంబరులో బ్యాంకుల ముందు నిలుచున్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కనుక కేటలాగులో రెండు తేదీలు వ్రాయుట పండితుల చాదస్తము కాదు. నోటు చెల్లకపోయిన తేదీని కూడ చేర్చి మూడు వ్రాసినచో అది పూర్తి యగునని నా అభిప్రాయము. సేకర్తలు సాధారణముగా మడతపడని, మాయని నోటుకే ఎక్కువ వెల కట్టుదురు. అది అంగడి నీతి. చరిత్ర చదువువానికి మాత్రము నాలుగు మడతలుపడి, నూనె చేతుల మరకలున్న నోటే ఎక్కువ చెప్పును. అది బజారు చూచినది.

మన ఇండ్లలోను ఇట్టివి ఉండవచ్చును. రంగూనునుండి తిరిగివచ్చినవారు తెచ్చిన జపాను రూపాయలు, నిజాము నాటి హాలీ సిక్కా నోట్లు, యానాము రూపాయలు. వాటికి జిగురు కాగితము అంటింపవద్దు, ఇస్త్రీ చేయవద్దు, ఎండ తగులనీయవద్దు. వేరొక కాగితముపై, ఎవరు తెచ్చినారు, ఎక్కడనుండి, ఏ ఏట అన్న మూడు సంగతులు వ్రాసి పక్కన ఉంచుడు. కొన్నవానికి ఆ కాగితము అక్కరలేకపోవచ్చును. మీ మనుమలకు అక్కరయగును.

మా మిత్రులు అట్లే చేసినారు. కట్టను విప్పి, హానోయి నోట్లు ఒక కవరులోను, సైగాను నోట్లు ఒక కవరులోను ఉంచినారు. లెక్కించి చూడగా రెండును కలిపి ఆ రోజులలో నాలుగు పూటల భోజనమునకు సరిపోవునేమో! ఆయన వాటిని ఎందుకు మార్చుకొనక తెచ్చినారో ఇంట ఎవరికిని తెలియదు. "అడుగవలసినది, అడుగలేదు" అన్నారు మిత్రులు. కవరుమీద తండ్రిగారి పేరు వ్రాసి, తేదీ వేయవలసిన చోట కొంతసేపు కలము ఆపి, పెన్సిలుతో "1959 ప్రాంతము" అని వ్రాసి, దానిచుట్టు కుండలీకరణములు పెట్టినారు.